ముహూర్తాలు లేని నెలలో ప్రొటీన్ల పని: ఒక ప్రాజెక్టు డైరీ

2025 జూన్ 26, గురువారం

ఈరోజు ఆషాఢం మొదలైంది. అసలు గురు మూఢం వచ్చినప్పటి నుంచే నాకు పని పలచబడింది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి బతికేవాడికి పంచాంగమే జీతాల పట్టిక. గుంటూరు బ్రాడీపేటలో మా మేడ మీద గదిలో ఉన్న కంప్యూటర్ మాఘం నుంచి జ్యేష్ఠం దాకా ఊపిరి తీసుకోకుండా పనిచేసి, ఇప్పుడు గుడ్డ కప్పుకుని కూర్చుంది. అందులో ఆరు కోర్ల రైజెన్ 5 5600 ప్రాసెసర్, 12 జీబీల ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. కార్డు కొన్న అప్పు ఇంకా తీరలేదు. అది ఖాళీగా ఉంటే నాకు నిద్ర పట్టదు.

అందుకే ఐదేళ్ల కిందట మొదలుపెట్టి వదిలేసిన పనిని మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. ఫోల్డింగ్ ఎట్ హోమ్ అని ఒక ప్రాజెక్టు ఉంది. 2000 అక్టోబరులో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విజయ్ పాండే మొదలుపెట్టారు. ఇప్పుడు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో గ్రెగ్ బౌమన్ నడుపుతున్నారు. ఒంట్లో ప్రొటీన్లు ఎలా ముడుచుకుంటాయి, ఎలా కదులుతాయి, ఎక్కడ దారి తప్పి జబ్బుగా మారతాయి అన్న లెక్కలను చిన్న చిన్న ముక్కలు చేసి, ఇళ్లలో ఉన్న కంప్యూటర్లకు పంచిపెడతారు. ఒక్కో ముక్కను వర్క్ యూనిట్ అంటారు. మన యంత్రం ఆ ముక్కను దించుకుని, గంటల తరబడి లెక్క చేసి, ఫలితాన్ని తిరిగి పంపుతుంది. డబ్బు ఇచ్చేది లేదు, పుచ్చుకునేది లేదు. మనం ఇచ్చేది కరెంటు.

2020 మార్చి చివర, లాక్‌డౌన్‌లో పెళ్లిళ్లన్నీ ఆగిపోయినప్పుడు, అప్పటి పాత కార్డుతోనే ఇందులో చేరాను. అదే సమయానికి కరోనా మీద పరిశోధన కోసం దేశదేశాల జనం ఎగబడ్డారు. పంచడానికి వర్క్ యూనిట్లు చాల్లేదు. నా కంప్యూటర్ పని అడగడం, లేదని జవాబు రావడం. తెల్లవారుజామున అడ్డా మీద పార పట్టుకుని నిలబడ్డ కూలీలా రెండు రోజులు నిలబడింది. విసుగొచ్చి తీసేశాను. నేను పోయినంత మాత్రాన వాళ్లకు వచ్చిన లోటేమీ లేదు. ఆ ఏప్రిల్‌లో ప్రాజెక్టు వేగం 2.4 ఎక్సాఫ్లాప్స్‌కు చేరింది. ఒక ఎక్సాఫ్లాప్ అంటే సెకనుకు, ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాలు పెట్టినన్ని లెక్కలు.

ఈసారి వాళ్ల ప్రోగ్రామ్ ఎనిమిదో వెర్షన్ వేశాను. నడిపేదంతా బ్రౌజర్‌లోనే. ఖాతా తెరిచి, కంప్యూటర్‌ను దానికి కలిపి, చేసిన పని నాదేనని గుర్తుపట్టే పాస్‌కీ అనే రహస్య సంకేతం తెప్పించుకుని పెట్టాను. ఏ జబ్బు మీద పని కావాలో ఎంచుకోమంది. మా బాబాయి చేతికి వణుకు వచ్చి మూడేళ్లయింది. గ్లాసులో టీ సగానికే పోస్తాం. పార్కిన్సన్స్ అని పెట్టాను. మొదట వచ్చిన యూనిట్ మాత్రం క్యాన్సర్‌ది. ఆ ఎంపిక మన ఇష్టం చెప్పడానికే తప్ప హామీ కాదట. తెనాలి టికెట్ తీసుకుంటే బాపట్ల బస్సు ఎక్కించినట్టనిపించి కాసేపు చికాకు పడ్డాను. తర్వాత 'ఏదైనా' అని మార్చేశాను.

ప్రాసెసర్, కార్డు రెండూ పూర్తి వేగంతో పనిలోకి దిగాయి. రాత్రి పదింటికి గదిలో అడుగుపెడితే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టుంది.

జూన్ 27

కార్డు వేడి 83 డిగ్రీల దగ్గర ఆగి, అక్కడి నుంచి వేగం తగ్గించుకుంటోంది. ఎడిటింగ్‌లో ఇది నాకెప్పుడూ కనిపించలేదు. వీడియో ఎక్స్‌పోర్ట్ అరగంటలో అయిపోతుంది. ఇది మాత్రం నాలుగు గంటలు ఒకే ఊపులో తోముతుంది.

క్యాబినెట్ పక్క పలక విప్పాను. మా వీధి చివర కారం మిల్లు ఉంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో సగం బ్రాడీపేట ఏడాదికి సరిపడా కారం అక్కడే ఆడించుకుంటుంది. కార్డు ఫ్యాన్ల వెనుక, రేకుల సందుల్లో, బూడిద రంగు దుమ్ముకు బదులు ఇటుక రంగు పొర మెత్తగా, కొంచెం జిగటగా పేరుకుని ఉంది. దాన్ని చూసి కూడా బుద్ధి లేకుండా బ్లోయర్ పెట్టాను. ఆ తర్వాత పావుగంట ఏం జరిగిందో నాకు సరిగ్గా తెలియదు. తుమ్ముతూ, కళ్లు నులుముకుంటూ మెట్లు దిగి వస్తుంటే, "మీ ప్రొటీన్లేమో గానీ, ముందు మీరు మిగలండి" అని మా ఆవిడ చెంబుతో నీళ్లిచ్చింది.

రెండో విడత మూతికి తడి గుడ్డ కట్టుకుని, రంగులు వేసే కుంచెతో ఒక్కో రేకు సందు తుడిచాను. ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని, అంచు మీద అట్టలా కట్టిన కారాన్ని చెవిపుల్లతో తీశాను. గంటన్నర పట్టింది. మళ్లీ పని పెడితే వేడి 76 దగ్గర నిలబడింది. గుంటూరులో కంప్యూటర్ వాడే ఎవరైనా సరే, ఏడాదికి ఒకసారి, కారం రోజులు దాటాక క్యాబినెట్ విప్పి చూసుకోవాలి. బ్లోయర్ మాత్రం ఆరుబయటే.

జూన్ 30

ఇంట్లో లెక్కలు మా ఆవిడవి. పాలవాడి ఖాతా రాసే క్యాలెండర్ మీదే, నాకు చెప్పకుండా, నాలుగు రోజులుగా కరెంటు మీటరు రీడింగ్ కూడా రాస్తోంది. ఈరోజు పిలిచి చూపించింది.

ప్లగ్ దగ్గర వాట్ మీటరు తగిలించి చూస్తే కంప్యూటర్ 300 వాట్లు తాగుతోంది. రోజంతా నడిస్తే 7.2 యూనిట్లు, నెలకు 216. ఈ కాలంలో మా ఇంటి వాడకం 210 యూనిట్లకు అటూ ఇటూగా ఉంటుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. 225 దాకా యూనిట్ ఆరు రూపాయలు, అది దాటితే 8.75, నాలుగు వందలు దాటితే 9.75. అంటే ఇంట్లో దీపాలూ ఫ్రిజ్జూ కింది మెట్ల మీద ఉంటాయి, నా ప్రొటీన్లు పై మెట్లెక్కి కూర్చుంటాయి. లెక్క కట్టాను: 15 యూనిట్లు ఆరు చొప్పున 90, ఆపై 175 యూనిట్లకు 1,531, నాలుగు వందలు దాటిన 26 యూనిట్లకు 253. మొత్తం 1,875 రూపాయలు. సర్దుబాటు చార్జీలు దీనికి అదనం.

"ఏమండీ, నెలకు రెండు వేలు ఏదైనా ఆస్పత్రికి చందాగా ఇస్తే పోలేదా?" అంది. జవాబు దొరకలేదు. ఇప్పటికీ పూర్తిగా దొరకలేదు.

ముందు ప్రాసెసర్‌ను ఈ పని నుంచి తప్పించాను. కరెంటు తాగేది తాగుతూ, కార్డు చేసే పనిలో పిసరంత కూడా చేయడం లేదు. ఇలాంటి లెక్కకు కార్డే మొనగాడు. తర్వాత కార్డు అమరికలు మార్చే ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌లో దాని కరెంటు పరిమితిని 170 వాట్ల నుంచి 110కి దించాను. సగం వేగం పోతుందనుకున్నాను. నాలుగు గంటల పది నిమిషాల్లో అయ్యే వర్క్ యూనిట్ ఇప్పుడు నాలుగు గంటల నలభై నిమిషాలు తీసుకుంటోంది, అంతే. ప్లగ్ దగ్గర 165 వాట్లు, వేడి 66 డిగ్రీలు. చివరి అరగంట ఆదా చేయడం కోసం ఈ కార్డు ఇంత కరెంటు తగలేస్తోందని నాకు ఇన్నేళ్లూ తెలియదు. రేపటి నుంచి ఎడిటింగ్‌కు కూడా ఇదే అమరిక.

జూలై 2

మేనకోడలు వచ్చింది. నాగార్జున విశ్వవిద్యాలయంలో బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదువుతోంది. తెర మీద తిరుగుతున్న ప్రొటీన్ బొమ్మను అమ్మ అప్పటికే చూసి "జంతిక సరిగ్గా రాలేదే" అని తేల్చేసింది. పక్క వాటాలో అద్దెకుండే కుర్రాడు "బిట్‌కాయినా అంకుల్, రోజుకు ఎంత వస్తుంది?" అని అడిగి, ఏమీ రాదంటే నన్ను జాలిగా చూసి వెళ్లాడు. సరిగ్గా చెప్పగలిగే మనిషి దొరికిందని నా అనుమానాలన్నీ దాని ముందు పెట్టాను.

అందులో పెద్దది ఇది. 2024లో రసాయన శాస్త్రం నోబెల్ ఈ ప్రొటీన్ల మీదే ఇచ్చారు. కొత్త ప్రొటీన్లను రూపొందించినందుకు డేవిడ్ బేకర్‌కు సగం, ఆల్ఫాఫోల్డ్‌తో ప్రొటీన్ ఆకారం కనిపెట్టే దారి చూపినందుకు డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు సగం. ఆకారం అంత తేలిగ్గా తెలిసిపోతుంటే, ఇంకా నేను కరెంటు కాల్చడం ఎందుకు?

"మామయ్యా, వాళ్లది ఫోటో. నువ్వు చేస్తున్నది వీడియో" అంది.

నా వృత్తి తెలిసే అలా చెప్పింది కాబోలు, బుర్రలోకి సూటిగా దిగింది. ముడుచుకోవడం పూర్తయ్యాక ప్రొటీన్ ఎలా కూర్చుని ఉంటుందో ఆల్ఫాఫోల్డ్ చెబుతుంది. అది అలా రాయిలా కూర్చోదు. ఊగుతుంది, తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. మందు అతుక్కోదగిన సందు ఒక్కోసారి లిప్తపాటు తెరుచుకుని మాయమవుతుంది. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో పెళ్లికూతురు పెదవి మీద మెరిసే నవ్వు లాంటిది. పీటల మీద నిలబెట్టి తీసిన ఫోటోలో అది ఉండదు. ఎబోలా వైరస్ ప్రొటీన్ ఒకదానిలో అలాంటి దాగి ఉన్న సందును బౌమన్ బృందం ఈ పద్ధతిలోనే పట్టుకుంది.

మరి వీడియో అంటే ఎన్ని ఫ్రేములు? మేం సెకనుకు 25 తీస్తాం. ఇక్కడ ఒక్కో అడుగు సుమారు నాలుగు ఫెమ్టోసెకన్లు. సెకనును, ఒకటి పక్కన పదిహేను సున్నాలు పెట్టినన్ని ముక్కలు చేస్తే ఒక ముక్క ఫెమ్టోసెకను. సెకనులో వెయ్యో వంతు నిడివి కావాలన్నా 25 వేల కోట్ల అడుగులు వేయాలి. ప్రతి అడుగులో ప్రతి పరమాణువు మీద ఎటు నుంచి ఎంత బలం పడుతుందో లెక్కకట్టి, దాన్ని పిసరంత జరపాలి. కరోనా వైరస్ ప్రొటీన్ల మీద 2021లో వీళ్లు ప్రచురించిన పనిలో, పది లక్షల మందికి పైగా జనం కంప్యూటర్లు కలిసి చేసిన మొత్తం ఫుటేజీ సెకనులో పదో వంతు. ఆ మాట విని నేను టీ గ్లాసు కింద పెట్టాను. మేం ఒక పెళ్లికి పద్నాలుగు గంటలు తీసి, అందులో పదమూడు పారేస్తాం.

అదంతా ఒకే పొడవాటి షాట్ కూడా కాదు. వేల కెమెరాలతో తీసిన చిన్న చిన్న క్లిప్పులు. ఏ భంగిమ నుంచి ఏ భంగిమకు ఎంత తరచుగా వెళుతోందో చూసి తర్వాత కలిపి కుడతారట.

పోతూ పోతూ తన నోటుపుస్తకంలో ఒక చతురస్రం గీసి, అందులో రెండు మూడు మచ్చలు పెట్టింది. రామచంద్రన్ పటం. 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ ప్రచురించినది. ప్రొటీన్ గొలుసు కణుపులు ఏ కోణాల్లో తిరగగలవు, ఏ కోణాల్లో పరమాణువులు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి అన్నది. మోచెయ్యి వెనక్కి విరగదు కదా, అలాగ. అప్పటి లెక్కల యంత్రాలతో ఎలా తేల్చారో! నా కార్డు సిగ్గుపడాలి.

జూలై 7, సోమవారం

తప్పు చేశాను, వివరంగా రాసుకోవాలి.

శుక్రవారం మధ్యాహ్నం ఫిబ్రవరిలో పెళ్లి చేసిన పార్టీ ఫోన్ చేసింది. పెళ్లికొడుకు మేనత్త పేరు టైటిల్స్‌లో తప్పు పడిందని, అమెరికా పంపాలి, ఇప్పుడే కావాలని. నా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎడియస్ తెరవాలంటే కార్డు ఖాళీ కావాలి. 62 శాతం దగ్గర ఉన్న యూనిట్‌కు పాజ్ నొక్కాను. పేరు సరిచేసి పంపాను. మర్నాడు అందరం తొలి ఏకాదశికని మంగళగిరి బంధువుల ఇంటికి వెళ్లి, ఆదివారం దర్శనం చేసుకుని రాత్రికి తిరిగొచ్చాం. పాజ్ అలాగే ఉంది. ఆ యూనిట్ గడువు శనివారమే దాటిపోయింది.

పూర్తి చేసి పంపాను. చేసిన పనికి ప్రాజెక్టు వేసే పాయింట్లలో బోనస్ లేకుండా అసలువి మాత్రం వచ్చాయి. పాయింట్లు పోతే పోనీ. పాస్‌కీతో పది యూనిట్లు పూర్తి చేసి, తీసుకున్నవాటిలో నూటికి ఎనభై సకాలంలో ఇస్తూ ఉంటేనే త్వరగా ఇచ్చినందుకు బోనస్ ఉంటుంది. ఒక్కటి తప్పితే అది పోదు. కానీ ఆ బోనస్ ఎందుకు పెట్టారో ఈరోజే ప్రోగ్రామ్ రాసుకునే చిట్టా, అంటే లాగ్, చదువుతూ అర్థం చేసుకున్నాను.

ప్రతి యూనిట్‌కూ ప్రాజెక్టు సంఖ్య పక్కన మూడు అంకెలుంటాయి: రన్, క్లోన్, జెన్. మొదటిది ప్రొటీన్‌ను ఏ అమరికలో నిలబెట్టి మొదలుపెట్టారన్నది. రెండోది అదే అమరికను వేర్వేరు తోపులతో ఎన్నోసారి వదిలారన్నది. మూడోది అసలు సంగతి. జెన్ 45 అంటే ఆ షాట్‌లో అంతకు ముందు భాగాలన్నీ ఎవరెవరి ఇళ్లలోనో పూర్తయి, ఆగిన చోటు నుంచి నాకు అందాయన్నమాట. నేను ఇస్తేనే 46 పుడుతుంది. నేను మంగళగిరిలో పానకం తాగుతుంటే 46 పుట్టకుండా ఆగింది. గడువు దాటగానే సర్వర్ అదే ముక్కను వేరొకరికి ఇచ్చింది. వాళ్ల కరెంటు మళ్లీ కాలింది, నాదీ కాలింది.

ఆల్బమ్ ఆలస్యం చేయడంలో మా వృత్తికి పేరుంది. పిల్లాడి అన్నప్రాసన నాటికి పెళ్లి వీడియో ఇచ్చిన చరిత్ర నాకే ఉంది. "రేపు, ఎల్లుండి" అని అక్కడ నెట్టుకొస్తాం. ఇక్కడ ఎంత పెద్ద కార్డు ఉందన్నది కాదు, తీసుకున్నది ఎప్పుడిచ్చావన్నదే అడుగుతారు.

ప్రోగ్రామ్‌లో పాజ్ పక్కనే ఫినిష్ అని ఇంకో మీట ఉంది. చేతిలో ఉన్న యూనిట్ పూర్తి చేసి, కొత్తది తీసుకోకుండా ఆగుతుంది. పది రోజులుగా కళ్ల ముందున్నా నొక్కలేదు.

జూలై 12

సాయంత్రం గాలివాన. కరెంటు పోయింది. యూపీఎస్ పది నిమిషాలు కూత పెట్టి నిద్రపోయింది. తొమ్మిదింటికి కరెంటు వచ్చినా మేడ మీద కంప్యూటర్ ఆగే ఉందని నేను పదకొండింటికి గానీ చూసుకోలేదు. పని చెక్‌పాయింట్ నుంచి అందుకుంది. ఎడియస్ తనంతట తాను ప్రాజెక్టు సేవ్ చేసుకున్నట్టే ఇదీ మధ్యమధ్యలో గుర్తు పెట్టుకుంటుంది కాబట్టి పోయింది కొద్దిపాటి లెక్కే. బయోస్‌లోకి వెళ్లి, కరెంటు రాగానే కంప్యూటర్ దానంతట అదే లేచే అమరిక పెట్టాను.

జూలై 16

ఇప్పటికి కుదురుకున్న పద్ధతి ఇది. రాత్రి పడుకునేటప్పుడు పదకొండింటికి ఫోల్డ్ నొక్కుతాను. తెల్లవారుజామున మూడున్నర దాటాక ఒక యూనిట్ వెళ్లిపోతుంది, రెండోది మొదలవుతుంది. ఆరింటికి లేచి ఫినిష్ నొక్కుతాను. ఎనిమిదిన్నర లోపు అదీ వెళ్లిపోతుంది. రోజుకు రెండు, తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు, కరెంటు యూనిట్లు ఒకటిన్నర పైచిలుకు. నెలకు 46. మా ఆవిడ తన క్యాలెండర్ వెనక లెక్క చేసి, "మూడు వందల అరవై. సరే, మీ టీ ఖర్చులో కోత" అని సంతకం పెట్టినంత పని చేసింది. ఆస్పత్రి చందా మాట కూడా మరిచిపోలేదు. అది వేరే ఖాతా అట.

రోజంతా నడిపిన తొలి రోజులతో పోలిస్తే పాయింట్లు బాగా తగ్గాయి. పాల్గొనేవాళ్ల పట్టికలో వెనక్కి పోతున్నాను. కొన్నాళ్లు రోజూ చూసుకుని బాధపడ్డాను. ఇప్పుడు వారానికి ఒకసారి చూసుకుంటున్నాను.

జూలై 28, సోమవారం

శ్రావణం. శనివారం రాత్రి ఒకటి, ఆదివారం పొద్దున ఒకటి, రెండు పెళ్లిళ్లు. ఈ తెల్లవారుజామున కెమెరా కుర్రాళ్లు ఏడు మెమరీ కార్డులు, ఒక డ్రోన్ కార్డు తెచ్చి బల్ల మీద పోసి వెళ్లారు. ఆరింటికి ఫినిష్ నొక్కాను. ఏడింటికే పెళ్లికూతురు తండ్రి ఫోన్. "వీడియో ఎప్పటికి ఇస్తారు బాబూ?" అలవాటుగా "వారంలో" అనబోయి, క్యాలెండర్ చూసి తేదీ చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ తేదీ రెండుసార్లు చదివించుకున్నారు, రాసుకుంటున్నట్టున్నారు.

తెర మీద రెండో యూనిట్ 71 శాతం. ఇంకా గంటా ఇరవై నిమిషాలు. ఎడియస్ తెరవలేదు. మొదటి కార్డు రీడర్‌లో పెట్టి, ఫుటేజీ కాపీకి వదిలి, టీ తాగడానికి కిందికి వెళ్లాను.